కాలేయం గట్టిదనం కొలిచేటప్పుడు నాయిస్ తగ్గించడం ఎలా: అపాయింట్‌మెంటు నుంచి రిపోర్టు దాకా

ఎలాస్టోగ్రఫీ అంటే అల్ట్రాసౌండ్‌తో కాలేయం వంటి అవయవాల గట్టిదనం కొలిచే పరీక్ష. అందులో ఒక కొలత 6 వస్తుంది, మరుసటిది 11 వస్తుంది. కొలతను ఇలా చెడగొట్టేదాన్నే నాయిస్ అంటాం. ఏ ఫిల్టరు పెట్టాలి? రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు స్కానింగ్ సెంటర్లలో షియర్ వేవ్ యంత్రం కొత్తగా తెచ్చుకున్న డాక్టర్లు ఈ ప్రశ్నే మళ్లీమళ్లీ అడుగుతున్నారు. ఫిల్టరు గురించి తొమ్మిదో భాగంలో చెబుతాను. దాని ముందున్న ఎనిమిదీ సరిగ్గా చేస్తే చాలామంది రోగుల విషయంలో ఫిల్టరు జోలికి వెళ్లే అవసరమే రాదు. అవి వదిలేసి ఫిల్టరు పెంచితే బొమ్మ నున్నగా తయారవుతుంది, అంకె మాత్రం తప్పుగానే మిగులుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 2డి షియర్ వేవ్ (రంగు మ్యాప్ చూపించేది), పాయింట్ షియర్ వేవ్ (ఒక చిన్న చోట మాత్రమే కొలిచేది) పద్ధతుల గురించి. ఫైబ్రోస్కాన్‌కు (చర్మం మీద తట్టి తరంగం పుట్టించే యంత్రం) తేడా ఉన్నచోట విడిగా చెప్పాను. రొమ్ము, థైరాయిడ్ స్కాన్లకు పదో భాగం చూడండి.

## 1. నాయిస్ ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి

ప్రోబు నుంచి బలమైన అల్ట్రాసౌండ్ తోపు ఒకటి కాలేయంలోకి వెళ్లి అక్కడి కణజాలాన్ని కొద్దిగా నెడుతుంది. నెట్టిన చోటు నుంచి షియర్ తరంగం పక్కలకు పాకుతుంది. యంత్రం కొలిచేది ఆ తరంగం వేగాన్ని. కాలేయంలో అది సెకనుకు సుమారు 1 నుంచి 4 మీటర్ల మధ్య ఉంటుంది. వేగాన్ని వర్గం చేసి 3తో గుణిస్తే గట్టిదనం కిలోపాస్కల్స్‌లో వస్తుంది. సెకనుకు 1.5 మీటర్లయితే 6.75 కిలోపాస్కల్స్ అన్నమాట.

ఆ తరంగం వెళ్తున్నప్పుడు కణజాలం కదిలేది కొన్ని మైక్రోమీటర్లే. ఊపిరి తీస్తే కాలేయం సెంటీమీటర్ల మేర జారుతుంది. మనం వెతికే కదలిక కన్నా మనకు అక్కర్లేని కదలిక వేల రెట్లు పెద్దది. అందుకే ఈ పరీక్షలో రోగిని సిద్ధం చేయడం, చెయ్యి నిలకడగా ఉంచడం యంత్రం ధర కన్నా ఎక్కువ పని చేస్తాయి.

నాయిస్ రెండు రకాలు. ఈ తేడా పట్టుబడితే మిగతా పని సులువవుతుంది.

మొదటిది చెల్లాచెదురు నాయిస్. కొలత కొలతకూ అంకె అటూ ఇటూ ఊగుతుంది. చెయ్యి వణకడం, గుండె కొట్టుకోవడం, లోతులో సిగ్నల్ బలహీనపడటం, కరెంటు సమస్యలు దీనికి కారణాలు. ఎక్కువ కొలతలు తీసుకుని మధ్యగతం (చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే మధ్యన వచ్చే అంకె) లెక్కిస్తే ఇది తగ్గుతుంది.

రెండోది ఒకవైపు లాగే తప్పు. రోగి తినివచ్చాడు, గాలి గట్టిగా పీల్చి బిగబట్టాడు, గుండె బలహీనతవల్ల కాలేయంలో రక్తం నిలిచింది. అప్పుడు పది కొలతలూ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి, పదీ ఎక్కువే చూపిస్తాయి. ఏ ఫిల్టరూ, ఏ సగటూ దీన్ని సరిచేయలేదు. ఇది కనిపించదు కాబట్టి మొదటిదాని కన్నా ప్రమాదకరం. దీన్ని రాకుండా చూసుకోవడమే తప్ప వచ్చాక పోగొట్టడం ఉండదు.

## 2. అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే మొదలుపెట్టండి

కనీసం 4 గంటలు ఖాళీ కడుపు ఉండాలి. ఫైబ్రోస్కాన్‌కు 3 గంటలు చాలంటారు. సెంటర్లో రెండు యంత్రాలూ ఉంటే అందరికీ 4 గంటలే చెప్పండి, రిసెప్షన్‌లో గందరగోళం ఉండదు. తిన్న తర్వాత పోర్టల్ సిరలో (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) రక్తప్రవాహం పెరిగి గట్టిదనం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇది ఒకవైపు లాగే తప్పు.

మన ప్రాంతంలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. లంక గ్రామాల నుంచి, అంతర్వేది, సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేవారు తెల్లవారకముందే బయలుదేరతారు. బస్సు దిగి టీ తాగుతారు. సెంటరుకు వచ్చి "ఏమీ తినలేదండి" అంటారు. వారి లెక్కలో అది నిజమే. కోనసీమలో కొబ్బరి బొండాన్ని ఎవరూ తిండి కింద జమకట్టరు, మజ్జిగ కూడా అంతే. పాలు పోసిన టీ, బొండం నీళ్లు, మజ్జిగ అన్నీ ఉపవాసాన్ని చెడగొట్టేవే.

కాబట్టి "తిన్నారా?" అని అడగవద్దు. "పొద్దున్న లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారండి? ఎన్ని గంటలకు?" అని అడగండి. సమాధానం పూర్తిగా వేరుగా వస్తుంది.

ఫోనులో చెప్పాల్సినవి:

- పరీక్షకు 4 గంటల ముందు నుంచి టిఫిను, టీ, కాఫీ, పాలు, మజ్జిగ, బొండం నీళ్లు, శీతల పానీయాలు వద్దు.
- దాహమైతే రెండు గుక్కల మంచినీళ్లు తాగవచ్చు.
- రోజూ వేసుకునే మాత్రలు మానవద్దు. షుగరు మందులు, ఇన్సులిన్ విషయం మాత్రం తమ డాక్టరును అడిగి రావాలి.
- పాత రక్తపరీక్షలు, పాత ఎలాస్టోగ్రఫీ రిపోర్టు ఉంటే తేవాలి.
- ముందు రోజు మద్యం తీసుకుంటే దాచకుండా చెప్పాలి.

ఇన్సులిన్ వాడేవారికి పొద్దున్నే మొదటి వేళ ఇవ్వండి. వారిని ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టడం తప్పు. నాయిస్ తగ్గించడం కోసం రోగికి షుగరు పడిపోయే పరిస్థితి తేవద్దు.

వచ్చిన వెంటనే పరీక్షకు తీసుకోకండి. మెట్లెక్కి వచ్చిన మనిషిని కనీసం 10 నిమిషాలు కూర్చోనివ్వండి. ఆ పది నిమిషాల్లో రక్తపరీక్షలు చూడండి. ఈ కింది వాటిలో ఏది ఉన్నా గట్టిదనం పెరిగి కనిపిస్తుంది, మచ్చకట్టడం (ఫైబ్రోసిస్) లేకపోయినా సరే:

- ఏఎల్‌టీ (రక్తంలో కొలిచే కాలేయ ఎంజైము) సాధారణ గరిష్ఠానికి 5 రెట్లు దాటడం, అంటే కాలేయంలో వాపు తీవ్రంగా ఉండటం
- పైత్యనాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లు
- గుండె కుడివైపు బలహీనపడి కాలేయంలో రక్తం నిలవడం
- మద్యం ఎక్కువగా తాగుతున్న దశలో ఉండటం

వీటిలో అత్యవసరం కానివాటికి పరీక్ష వాయిదా వేయడమే మంచిది. పంపిన డాక్టరుకు ఒక్క ఫోను చేస్తే సరిపోతుంది.

## 3. గది, కరెంటు, ప్రోబు

రొయ్యల చెరువుల ఏరేటర్లు, రైస్ మిల్లుల మోటార్లు నడిచే ఫీడరు మీద వోల్టేజి ఊగుతూ ఉంటుంది. యంత్రానికి ఆన్‌లైన్ యూపీఎస్ ఉండాలి. ఇంటి ఇన్వర్టరు చాలదు. ఎర్తింగ్ యంత్రానికి విడిగా వేయించండి, ఏసీకి, లిఫ్టుకు వాడే ఎర్త్‌తో కలపవద్దు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2 వోల్టులు దాటుతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పు నేల ఎర్త్ పైపును తినేస్తుంది. కాలువలు కట్టేసే వేసవి నెలల్లో నల్లమట్టి ఎండి బీటలు తీస్తుంది, ఎర్త్ బలహీనపడుతుంది. ఆ రోజుల్లో గోతిలో నీళ్లు పోయించడం ఒకరి బాధ్యతగా పెట్టండి. వానలు తగ్గాక ఒకసారి, వేసవి మధ్యలో ఒకసారి ఎర్త్ కొలిపించండి.

కరెంటు నాయిస్ ఉందో లేదో చూసే పద్ధతి:

1. ప్రోబు మీది జెల్ తుడిచేసి గాలిలో పట్టుకోండి.
2. బి-మోడ్‌లో (మామూలు నలుపు తెలుపు స్కాన్ బొమ్మ) గెయిన్, అంటే బొమ్మ వెలుగు, పెంచండి.
3. లోతు భాగంలో క్రమమైన గీతలు, మెరుపులు కదులుతున్నాయా చూడండి.
4. ఏసీ, ఫ్యాను, ఎల్‌ఈడీ లైట్లు, ఫోను చార్జరు ఒక్కొక్కటీ ఆపుతూ చూడండి. ఏది ఆపితే గీతలు పోయాయో అదే కారణం.

ఆ పరీక్షతోపాటే ప్రోబును కూడా చూసేయండి. గెయిన్ మళ్లీ తగ్గిస్తే గాలిలో ఉన్న ప్రోబుకు పైభాగంలో సమానంగా అడ్డపట్టీలు కనిపిస్తాయి. వాటిలో ఒకచోట నల్లటి నిలువు చీలిక ఉంటే అక్కడి ఎలిమెంట్లు (శబ్దాన్ని పంపి అందుకునే చిన్న ముక్కలు) పనిచేయడం లేదు. బి-మోడ్‌లో ఆ లోపాన్ని కన్ను క్షమిస్తుంది. ఎలాస్టోగ్రఫీలో తోపు బలహీనపడుతుంది, అంకెలు ఊగుతాయి.

ఫాంటమ్ (గట్టిదనం ముందే తెలిసిన పరీక్ష దిమ్మ) ఉంటే నెలకోసారి కొలిచి పుస్తకంలో రాయండి. లేకపోతే సర్వీసు ఇంజినీరును వచ్చేటప్పుడు తెమ్మనండి. దాన్ని ఏసీ గదిలోనే ఉంచాలి, వేడికి దాని గట్టిదనం మారుతుంది.

## 4. పడుకోబెట్టడం

వెల్లకిలా, లేదా కుడివైపు కొద్దిగా పైకి లేచేలా ఎడమకు 30 డిగ్రీల వరకు ఒరిగించి పడుకోబెట్టండి. వీపు కింద చిన్న దిండు పెడితే ఆ భంగిమలో అలసిపోరు. కుడి చెయ్యి తల వెనక్కు పెడితే పక్కటెముకల సందులు తెరుచుకుంటాయి. భుజం నొప్పి ఉన్నవారికి చెయ్యి ఎంత లేస్తే అంతే. నొప్పితో బిగుసుకున్న మనిషి ఊపిరి ఆపలేడు.

## 5. ఊపిరి: అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు

మామూలు స్కానింగ్‌లో మనకు అలవాటైన మాట ఒకటుంది: "గాలి గట్టిగా పీల్చి ఆపండి." కాలేయం కిందికి దిగి బాగా కనిపిస్తుందని అలా అంటాం. ఎలాస్టోగ్రఫీ సమయంలో ఆ మాట నోట రానివ్వకండి. గాలి నిండుగా పీల్చి బిగబడితే కాలేయంలో సిరల పీడనం పెరుగుతుంది, గట్టిదనం పెరిగి కనిపిస్తుంది. బాగా ముక్కి బిగబట్టినా అంతే. రెండూ ఒకవైపు లాగే తప్పులే, కొలతలు ఎంత బాగా కలిసినా.

కావలసింది మామూలు ఊపిరి మధ్యలో ఆగడం. ఇలా నేర్పండి:

1. జెల్ రాయకముందే, ప్రోబు పెట్టకముందే చెప్పండి.
2. "తాతగారూ, మామూలుగా గాలి తీసుకోండి, వదలండి. మళ్లీ తీసుకోండి, వదలండి. ఇప్పుడు ఎక్కడ ఉన్నారో అక్కడే ఆగండి" అనండి.
3. మీరు కూడా వారితోపాటు చేసి చూపించండి. మాట అర్థం కానివారికి చూపు అర్థమవుతుంది.
4. మూడు నాలుగు సెకన్లు ఆపగలిగితే చాలు. పది సెకన్లు ఆపమంటే భయపడి ముందే నిండుగా పీలుస్తారు.
5. ప్రోబు పెట్టి, కొలవకుండా ఒకసారి రిహార్సల్ చేయించండి. తెర మీద కాలేయం నిలిచిందా, నెమ్మదిగా జారుతోందా చూడండి.
6. జారుతుంటే కొలవకండి. మళ్లీ చెప్పండి.

ఒక్కో కొలత తర్వాత "హాయిగా గాలి పీల్చుకోండి" అనడం మర్చిపోవద్దు. అది చెప్పకపోతే కొందరు పెద్దవాళ్లు మీరు చెప్పేదాకా బిగబట్టే ఉంటారు, తర్వాతి కొలతలు చెడిపోతాయి.

వినికిడి తక్కువైనవారికి భుజం మీద తట్టడం సంకేతంగా పెట్టుకోండి. ఆయాసం ఉన్నవారిని, చిన్న పిల్లలను ఊపిరి ఆపమనకండి. మామూలుగా గాలి వదిలిన చివర సహజంగా ఒక చిన్న విరామం వస్తుంది, ఆ క్షణంలో బటన్ నొక్కండి. రెండు మూడు ఊపిర్లు గమనిస్తే లయ దొరుకుతుంది.

భార్యో కొడుకో పక్కన నిలబడి "గట్టిగా పీల్చు, గట్టిగా పీల్చు" అని సాయం చేస్తుంటారు. వారి మంచి మనసును నొప్పించకుండా, కొలతలు అయ్యేదాకా మౌనంగా ఉండమని ముందే చెప్పండి.

## 6. ప్రోబు, జెల్, బి-మోడ్

బి-మోడ్ బాగులేని చోట ఎలాస్టోగ్రఫీ బాగుండదు. ముందు బి-మోడ్‌లో మంచి కిటికీ (కాలేయం స్పష్టంగా కనిపించే చోటు) వెతకండి, తర్వాతే ఎలాస్టోగ్రఫీ బటన్.

- కుడివైపు పక్కటెముకల సందులోంచి కుడి లోబ్ చూడండి. పక్కటెముకల కింది నుంచి చూడవద్దు.
- ప్రోబును సందుకు సమాంతరంగా తిప్పండి. రెండు అంచుల్లోనూ ఎముక నీడ పడకూడదు.
- కాలేయపు కాప్సూల్ (దాని పైపొర) ప్రోబు ముఖానికి సమాంతరంగా, సన్నటి తెల్లని గీతలా మెరవాలి. ఆ గీత మెరిసిందంటే కోణం లంబంగా ఉన్నట్టే.
- జెల్ ధారాళంగా వేయండి. మే నెలలో చెమట ఉంటే ముందు తుడవండి. ఒక మూల నల్లగా ఉంటే అక్కడ గాలి చిక్కుకుంది.
- ఎడమ లోబ్ వద్దు. గుండె దాని మీదే కొట్టుకుంటోంది.

పక్కటెముకల మధ్య కాస్త నొక్కినా కాలేయానికి ఎముకలు అడ్డుగా ఉంటాయి కాబట్టి పెద్ద తేడా రాదు. కాంటాక్టు బాగుండేలా గట్టిగానే పట్టుకోవచ్చు. పక్కటెముకల కింద నుంచి నొక్కితే మాత్రం నేరుగా కాలేయాన్ని పిండినట్టే. ఆ దారి వద్దనడానికి ఇదీ ఒక కారణం.

మోచెయ్యి మంచానికి ఆనించండి, చిటికెన వేలు రోగి పక్కకు ఆనించండి. ఈ రెండు ఆధారాలతో చేతి వణుకు బాగా తగ్గుతుంది.

## 7. బాక్స్ ఎక్కడ పెట్టాలి

కాప్సూల్ కింద 1.5 నుంచి 2 సెంటీమీటర్లు వదిలి కొలత బాక్స్ పెట్టండి. కాప్సూల్‌కు దగ్గరగా శబ్దతరంగాలు ముందుకూ వెనక్కూ కొట్టుకుని తప్పుడు సంకేతాలు పుట్టిస్తాయి. అక్కడ రంగు ఎర్రగా, గట్టిగా కనిపిస్తుంది, నమ్మవద్దు.

ప్రోబు నుంచి 6 సెంటీమీటర్ల లోతు దాటవద్దు. తోపు బలం లోతుకు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. చాలా యంత్రాల్లో 4 నుంచి 4.5 సెంటీమీటర్ల దగ్గర తోపు బలంగా ఉంటుంది, వీలైతే అక్కడే కొలవండి. కొవ్వు పొర మందంగా ఉన్నవారికి ఈ రెండు నియమాలూ ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. అప్పుడు చర్మం నుంచి కాప్సూల్‌కు దూరం తక్కువగా ఉన్న వేరే సందు వెతకండి. యంత్రంలో లోతుగా చూసే పెనెట్రేషన్ మోడ్ ఉంటే వాడండి. ఫైబ్రోస్కాన్‌లోనైతే ఎక్స్‌ఎల్ ప్రోబుకు మారండి. ఎం ప్రోబు చర్మం నుంచి 2.5 నుంచి 6.5 సెంటీమీటర్ల మధ్య కొలుస్తుంది, ఎక్స్‌ఎల్ 3.5 నుంచి 7.5 మధ్య.

రంగు బాక్స్ పెద్దగా పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. బాక్స్ పెద్దదైతే యంత్రం ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ లోపల కాలేయం కదులుతుంది. అవసరమైనంతే ఉంచి, లోపల కనీసం 1 సెంటీమీటరు వ్యాసం ఉన్న వృత్తం వేసి కొలవండి.

బాక్స్‌లో ఉండకూడనివి:

- రక్తనాళాలు, పైత్యనాళాలు, పిత్తాశయం
- ఎముక నీడ అంచు
- కాప్సూల్
- గడ్డలు

పొట్టలో నీరు చేరినవారి విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫైబ్రోస్కాన్ తరంగం చర్మం దగ్గర పుట్టి లోపలికి ప్రయాణించాలి. షియర్ తరంగం నీళ్లలో సాగదు కాబట్టి అక్కడ కొలత రాదు. ప్రోబు తోపుతో కాలేయంలోనే తరంగం పుట్టించే యంత్రాలకు ఆ అడ్డంకి లేదు.

## 8. కొలతలు, లెక్క

యంత్రంలో క్వాలిటీ మ్యాప్ (కొలత ఎక్కడ నమ్మదగినదో రంగుల్లో చూపేది) ఉంటే 5 మంచి కొలతలు చాలు. లేకపోతే 10 తీసుకోండి. ఒక్కో కొలతకు ఒక్కో ఊపిరి, ఒక్కో కొత్త ఫ్రేము. ఒకే ఫ్రీజ్ బొమ్మ మీద ఐదు వృత్తాలు వేస్తే అవి ఐదు కొలతలు కావు, ఒకే కొలత ఐదుసార్లు రాసినట్టు. ఈ అలవాటు చాలా సెంటర్లలో ఉంది, వెంటనే మానాలి.

సగటు వద్దు, మధ్యగతం రాయండి. ఎందుకో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది:

5.9, 6.0, 6.1, 6.2, 6.3, 6.4, 6.5, 6.6, 6.8, 11.2

సగటు 6.8. మధ్యగతం 6.35. ఒక్క 11.2 సగటును పైకి లాగేసింది, మధ్యగతాన్ని కదపలేకపోయింది.

తర్వాత ఐక్యూఆర్ చూడండి. అంటే మధ్యలో ఉన్న సగం కొలతలు ఎంత మేర పరుచుకున్నాయో చెప్పే అంకె. పై ఉదాహరణలో కింది ఐదింటి మధ్యది 6.1, పై ఐదింటి మధ్యది 6.6, తేడా 0.5. దాన్ని మధ్యగతంతో భాగిస్తే సుమారు 8 శాతం. కిలోపాస్కల్స్‌లో 30 శాతం లోపు ఉండాలి, కాబట్టి ఇది నమ్మదగిన పరీక్ష. వేగంలో, అంటే సెకనుకు మీటర్లలో కొలిస్తే హద్దు 15 శాతం. కిలోపాస్కల్స్ వేగపు వర్గం నుంచి వస్తాయి గనుక అక్కడ చెదురు రెట్టింపవుతుంది, అందుకే రెండు హద్దులు. యంత్రం ఏ ప్రమాణంలో చూపిస్తోందో చూడకుండా 30 శాతం అనుకోవద్దు.

ఇప్పుడు ఇంకొకటి, తీసిన వరుసలోనే:

5.2, 5.8, 6.3, 7.1, 7.9, 8.8, 9.6, 10.4, 11.5, 12.7

మధ్యగతం 8.35, ఐక్యూఆర్ 4.1, అంటే 49 శాతం. పనికిరాదు. ఇక్కడ శాతం కన్నా ముఖ్యమైన సంగతి వరుసలో ఉంది. అంకెలు క్రమంగా పెరుగుతున్నాయి. చెల్లాచెదురు నాయిస్ అలా మెట్లెక్కదు. రోగి అలసిపోయి ఒక్కోసారీ ఎక్కువ గాలి పీలుస్తున్నాడు, లేదా ప్రోబు నెమ్మదిగా జారుతోంది. ఆపి, నీళ్లిచ్చి, రెండు నిమిషాల తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టండి. అందుకే కొలతలను వచ్చిన వరుసలోనే రాసుకోమంటాను.

ఒక కొలతను తీసేయాలంటే కారణం బొమ్మలో కనిపించాలి: రంగు సగమే నిండింది, నాళం వచ్చింది, ఊపిరి కదిలింది. అంకె నచ్చలేదని తీసేయకూడదు.

## 9. ఇప్పుడు ఫిల్టర్లు

స్మూతింగ్: మధ్యస్థంగా ఉంచండి. పెంచితే పక్కపక్క చుక్కలను కలిపేస్తుంది. మచ్చకట్టడం అంతటా ఒకేలా ఉండే కాలేయంలో నష్టం తక్కువ, చిన్న గడ్డ చూసేటప్పుడు దాని అంచూ అంకే రెండూ కరిగిపోతాయి.

పర్సిస్టెన్స్, అంటే ఫ్రేముల సగటు: ఊపిరి నిలిచి ఉన్నప్పుడే మేలు చేస్తుంది. కదిలే కాలేయం మీద పాత బొమ్మను కొత్త బొమ్మతో కలిపి నమ్మకంగా తప్పు చెబుతుంది.

క్వాలిటీ మ్యాప్ హద్దు: దీన్ని ఎప్పుడూ తగ్గించవద్దు. రంగు నిండకపోతే కిటికీ మార్చండి, హద్దు కాదు. తరంగం పాకే గీతలు చూపించే యంత్రమైతే అవి సమాంతరంగా, సమాన దూరంలో ఉన్నచోట మాత్రమే వృత్తం వేయండి.

రంగు స్కేలు: ఇది కొలతను మార్చదు, మీ కన్నును మారుస్తుంది. సెంటర్లో కాలేయానికి ఒకే స్కేలు పెట్టి అందరూ దాన్నే వాడండి.

సెట్టింగ్ ఏది మార్చినా ఒక్కోసారి ఒక్కటే మార్చి, అదే రోగి మీద, అదే చోట మళ్లీ కొలిచి చూడండి. మధ్యగతం మారకుండా చెదురు మాత్రమే తగ్గితే ఆ మార్పు మంచిది. మధ్యగతమే జరిగిపోతే మీరు నాయిస్‌ను కాదు, కొలతను మార్చారు.

కాకినాడ జేఎన్‌టీయూ వంటి చోట్ల ముడి డేటాతో ప్రాజెక్టు చేసే విద్యార్థులకు క్రమం ఇది: కదలికను ఆటోకోరిలేషన్‌తో లెక్కించండి, ఊపిరి, నాడి వల్ల వచ్చే నెమ్మది కదలికను బ్యాండ్‌పాస్‌తో తీసేయండి, ఎదురు వచ్చే ప్రతిబింబ తరంగాలను డైరెక్షనల్ ఫిల్టరుతో వేరు చేయండి, తరంగం చేరిన సమయాలకు గీత అమర్చేటప్పుడు రాన్‌శాక్ వంటి, దారితప్పిన చుక్కలను పక్కనపెట్టే పద్ధతి వాడండి, చిన్న మీడియన్ ఫిల్టరు చివర్లో. డైరెక్షనల్ ఫిల్టరు మానేసి మీడియన్ కిటికీ పెంచడం తరచూ చూసే పొరపాటు. ప్రతిబింబాలు అలాగే ఉండి, వాటి మీద నునుపు పూత పడుతుంది.

## 10. రొమ్ము, థైరాయిడ్ చూసేటప్పుడు

ఇక్కడ నియమం తిరగబడుతుంది. ఎముక అడ్డు లేదు, కొద్దిగా నొక్కినా కణజాలం గట్టిపడి కనిపిస్తుంది. జెల్ మందంగా వేసి, ప్రోబు బరువు కూడా పడకుండా జెల్ మీద తేలినట్టు పట్టుకోండి. చర్మానికీ ప్రోబుకూ మధ్య జెల్ పొర తెర మీద కనిపించాలి.

షియర్ వేవ్‌లో రంగు స్థిరపడేదాకా చెయ్యి కదపకుండా కొన్ని సెకన్లు ఆగండి. థైరాయిడ్‌లో నిలువు కోత చూడండి, అడ్డకోతలో మెడలోని కెరోటిడ్ ధమని ప్రతి దెబ్బకూ గ్రంథిని కదిపేస్తుంది. మింగవద్దని, మాట్లాడవద్దని చెప్పండి.

రొమ్ములో బాగా గట్టి గడ్డ మధ్యలో రంగు నిండకపోవడం, కొన్నిసార్లు మెత్తగా కనిపించడం జరుగుతుంది. అది క్యాన్సర్ కాని గడ్డ అనుకోవద్దు. అంచు చుట్టూ గట్టిదనం చూడండి, బి-మోడ్ చెప్పేదాన్ని వదలవద్దు.

## 11. సమస్య కనిపిస్తే ఎక్కడ వెతకాలి

- రంగు అసలు నిండటం లేదు: లోతు ఎక్కువ, జెల్ తక్కువ, లేదా ఎముక నీడ. సందు మార్చండి.
- పైభాగం మాత్రమే ఎర్రగా ఉంది: బాక్స్ కాప్సూల్‌కు దగ్గరగా ఉంది. కిందికి దించండి.
- నిలువు రంగు పట్టీలు వస్తున్నాయి: ఊపిరి కదులుతోంది, లేదా ప్రోబు ఎలిమెంటు పోయింది. ఊపిరి సరిచేసినా అదే చోట వస్తుంటే ప్రోబే.
- ఏసీ ఆన్ అయినప్పుడు మాత్రమే చెదురు పెరుగుతోంది: ఎర్తింగ్.
- కొలతలు బాగా కలిశాయి, అంకె రోగి పరిస్థితికి పొంతన లేకుండా ఎక్కువ ఉంది: తిండి, గాలి బిగపట్టడం, ఏఎల్‌టీ, గుండె, కామెర్లు. ఈ క్రమంలో అడగండి.
- పోయిన ఏటికీ ఇప్పటికీ పెద్ద తేడా ఉంది: యంత్రం, ప్రోబు, ప్రమాణం ఒకటేనా చూడండి.

## 12. రిపోర్టులో రాయాల్సినవి, ఆపాల్సిన చోటు

- యంత్రం పేరు, ప్రోబు, పద్ధతి
- చివరిసారి ఏమైనా తిన్న, తాగిన సమయం
- కొలతల సంఖ్య, మధ్యగతం, ప్రమాణం
- ఐక్యూఆర్ శాతం
- కొలిచిన చోటు, లోతు
- ఊపిరి ఆపగలిగారా లేదా
- ఏఎల్‌టీ, అందుబాటులో ఉంటే

అమెరికాలోని సొసైటీ ఆఫ్ రేడియాలజిస్ట్స్ ఇన్ అల్ట్రాసౌండ్ 2020లో ప్రోబు తోపుతో కొలిచే పద్ధతులకు హద్దులు సూచించింది. 5 కిలోపాస్కల్స్ లోపు ఉంటే కాలేయం సాధారణంగా ఉండే అవకాశం ఎక్కువ. 9 లోపు ఉండి వేరే లక్షణాలు లేకపోతే ముదిరిన దీర్ఘకాలిక కాలేయ వ్యాధి లేదనుకోవచ్చు. 9 నుంచి 13 మధ్య అనుమానం, మరో పరీక్ష అవసరం కావచ్చు. 13 దాటితే ఆ వ్యాధి ఉన్నట్టే. 17 దాటితే పోర్టల్ సిరలో పీడనం పెరిగి ఉండవచ్చు. ఈ హద్దుల మధ్య దూరం 4 కిలోపాస్కల్స్. పాలు పోసిన ఒక టీ, గట్టిగా బిగబట్టిన ఒక ఊపిరి అంచున ఉన్న మనిషిని ఒక గడి నుంచి పక్క గడిలోకి తోసేయగలవు.

పది నుంచి పదిహేను నిమిషాలు ప్రయత్నించినా ఐక్యూఆర్ హద్దులోకి రాకపోతే ఆపండి. ఉన్నవాటిలో మంచి ఐదు ఏరి అంకె ఇవ్వవద్దు. "కొలత నమ్మదగినది కాదు" అని కారణంతో సహా రాయండి. రోగికి ఆ రోజే ఇంకో తేదీ ఇవ్వండి. దూరం నుంచి వచ్చేవారైతే, ఉపవాసం చెడకుండా ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలో, దారిలో ఏమేం తాగకూడదో చీటీ మీద రాసి, వెంట వచ్చినవారికి చదివి వినిపించి పంపండి.